పిల్లల్ని పక్కింటికి పంపే ముందు: తుపాకులున్న అమెరికా వీధిలో కొత్తగా కాపురం పెట్టినవాళ్లకు

“అక్కా, వాళ్లింట్లో తుపాకీ ఉందా అని అడిగితే ఏమైనా అనుకుంటారేమో?” డాలస్ ఉత్తర శివార్లకు కొత్తగా వచ్చిన తెలుగు తల్లుల్లో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇది. బడి తెరిచి నెల తిరగకముందే పిల్లాడికి స్నేహితుడు దొరుకుతాడు. పుట్టినరోజుకి రమ్మంటారు, రాత్రికి అక్కడే పడుకోనివ్వమంటారు. కుటుంబం చూస్తే మర్యాదస్తులే. కానీ ఇంటి ముందు నిలిపిన పికప్ ట్రక్కు వెనక అద్దం మీద రైఫిల్ బొమ్మ ఉంటుంది. అది చూడగానే తల్లి గుండెల్లో రాయి పడుతుంది.

అడగండి. నొచ్చుకునేవాళ్లు తక్కువ. నొచ్చుకున్నా ఫరవాలేదు. ఎలా అడగాలో, ఏ జవాబుకి ఏం చేయాలో కింద వివరంగా రాశాను. కానీ దానికంటే ముందు ఇంకొకటి తెలియాలి. ఈ దేశంలో ఇంట్లో తుపాకీ ఉండటం కొత్త విషయం కాదు. ఆ ఇంట్లో ఉన్నది ఏ తుపాకీ, దాన్ని ఎందుకు పెట్టుకున్నారు అన్నవి మాత్రం గత ఇరవై ఏళ్లలో బాగా మారిపోయాయి. ఆ మార్పు అర్థం కాకపోతే అనవసరమైన చోట భయపడతాం, భయపడాల్సిన చోట నిశ్చింతగా ఉంటాం.

ముందు ఆ రైఫిల్ ఏమిటో తెలుసుకోండి

మనలో చాలామంది తుపాకీని దగ్గరగా చూసింది బ్యాంకు గార్డు భుజానే. నేను వరంగల్లో పెరిగాను కాబట్టి పేపర్లో ఇంకొంత చదివాను. పోలీసు స్టేషను మీద దాడి జరిగితే మర్నాడు ఎత్తుకుపోయిన ఆయుధాల జాబితా వచ్చేది: ఇన్ని త్రీ నాట్ త్రీలు, ఇన్ని ఎస్‌ఎల్‌ఆర్‌లు. అమెరికా వాదన మొత్తానికి మూలమైన తేడా ఆ జాబితాలోనే ఉంది. త్రీ నాట్ త్రీలో ఒక్కో తూటాకీ చేత్తో బోల్టు వెనక్కి లాగి ముందుకు తోయాలి. ఎస్‌ఎల్‌ఆర్‌లో ఆ పని తుపాకీయే చేసుకుంటుంది. తూటా పేలినప్పుడు పుట్టే వాయువు ఒత్తిడికి ఖాళీ తొడుగు బయట పడుతుంది, మ్యాగజైన్‌లోని, అంటే తూటాలు నింపే పెట్టెలోని, తర్వాతి తూటా పైకి వచ్చి సిద్ధంగా ఉంటుంది. మీట నొక్కిన ప్రతిసారీ ఒక తూటా. సెమీ ఆటోమేటిక్ అంటే ఇదే. మీట నొక్కి పట్టుకుంటే ఆగకుండా పేలేది పూర్తి ఆటోమేటిక్. దాని మీద 1934 నుంచీ ఫెడరల్ చట్టం కఠినంగా ఉంది. 1986 తర్వాత తయారైనవి మామూలు పౌరులకు అమ్మడానికే వీల్లేదు.

సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కూడా నిన్న మొన్న పుట్టింది కాదు. వించెస్టర్, రెమింగ్టన్ కంపెనీలు 1900ల తొలి సంవత్సరాల్లోనే వేటగాళ్లకు అమ్మాయి. కాబట్టి ఆ యంత్రాంగం ఒక్కటే సంస్కృతిని మార్చిందంటే నేను ఒప్పుకోను. సైన్యం కోసం గీసిన ఒక నమూనా బజారుకెక్కి, చవకై, ఒక గుర్తింపుగా మారడం అసలు కథ.

ఆ నమూనా పేరు ఏఆర్-15. కాలిఫోర్నియాలోని ఆర్మలైట్ అనే చిన్న కంపెనీలో యూజీన్ స్టోనర్ అనే ఇంజినీరు 1950లలో దీనికి రూపం ఇచ్చాడు. ఏఆర్ అన్న రెండక్షరాలు ఆ కంపెనీ పేరు నుంచి వచ్చినవే. 1959లో కంపెనీ ఆ హక్కుల్ని కోల్ట్‌కి అమ్మేసింది. సైన్యం దాన్ని ఎం16గా వియత్నాంకి తీసుకెళ్లింది. 1964లో కోల్ట్ సెమీ ఆటోమేటిక్ రూపాన్ని పౌరులకు అమ్మకానికి పెట్టింది. అప్పట్లో పెద్దగా ఎవరూ కొనలేదు. వేటగాళ్లకు చెక్క పిడి, చక్కగా పాలిష్ చేసిన గొట్టం కావాలి. నల్లటి ప్లాస్టిక్, అల్యూమినియం తుపాకీ వాళ్ల కంటికి ఆనలేదు. స్టోనర్ పేటెంటు 1977లో ముగిశాక ఎవరైనా దాన్ని తయారు చేయగలిగారు.

1989 జనవరిలో కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌లో ఒక బడి ఆవరణలో ఏకే రకం రైఫిల్‌తో కాల్పులు జరిగి ఐదుగురు పిల్లలు చనిపోయారు. ఆ ఏడాదే కాలిఫోర్నియా ఇలాంటి రైఫిళ్ల మీద ఆంక్షలు తెచ్చింది. 1994 సెప్టెంబరులో ఫెడరల్ ప్రభుత్వం పదేళ్ల గడువుతో నిషేధం పెట్టింది. పది తూటాలకు మించి పట్టే కొత్త మ్యాగజైన్లు కూడా ఆ నిషేధంలోకి వచ్చాయి. గడువు 2004 సెప్టెంబరులో తీరింది, ఇక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ దాన్ని పొడిగించలేదు.

మలుపు అక్కడుంది. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల నుంచి తిరిగొచ్చిన యువకుల చేతులకు అలవాటైన ఆయుధం ఇదే. కంపెనీల ప్రకటనలు కూడా వేట బొమ్మలు వదిలేసి సైనికుల బొమ్మలు పట్టుకున్నాయి. బుష్‌మాస్టర్ కంపెనీ తన రైఫిల్ కొంటే నీ మగతనం కార్డు మళ్లీ జారీ అయినట్టేనని ప్రకటన వేసింది. 2012 డిసెంబరు 14న కనెక్టికట్‌లోని న్యూటౌన్‌లో 20 మంది చిన్నపిల్లలను, ఆరుగురు సిబ్బందిని చంపింది అదే కంపెనీ రైఫిల్. బిడ్డల్ని పోగొట్టుకున్న కుటుంబాలు ఆ ప్రకటనల మీదే దావా నడిపాయి. 2022లో 7.3 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. తుపాకీ పరిశ్రమ సంఘం లెక్క ప్రకారం ఈ తరహా రైఫిళ్లు ఇప్పుడు దేశంలో రెండు కోట్లకు పైనే ఉన్నాయి.

కొనే కారణం ఎలా మారిందో ప్యూ అనే పరిశోధన సంస్థ సర్వేల్లో తేటగా కనిపిస్తుంది. తుపాకీ ఎందుకు పెట్టుకున్నారని 1999లో అడిగితే 49 శాతం వేట కోసమన్నారు, 26 శాతం రక్షణ కోసమన్నారు. 2013కి ఆ అంకెలు తిరగబడ్డాయి: రక్షణ 48, వేట 32. ఇది కొత్తగా వచ్చినవాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సిన విషయం. వేటకోసం కొన్న తుపాకీ సీజను అయ్యాక బీరువాలోకి వెళ్లిపోతుంది. రక్షణకోసం కొన్నది చేతికి అందేచోట ఉంటుంది. మీ పిల్లవాడి చేతికి కూడా.

మా వీధిలో చూసింది చెబుతాను. పక్కింటి పెద్దాయన రిటైరయిన మనిషి, ప్రతి నవంబరులో టెక్సాస్ మధ్యలోని కొండప్రాంతం హిల్ కంట్రీకి జింకల వేటకు వెళ్తారు. ఒక శనివారం గ్యారేజీలో బల్ల మీద పాత గుడ్డ పరిచి తుపాకులు శుభ్రం చేస్తుంటే చూడనిచ్చారు. ఒకటి వాళ్ల నాన్న ఇచ్చిన వించెస్టర్ 94. చెక్క పిడి మీద చెంప ఆనే చోట మెరుగు అరిగిపోయింది. మనవడు దాన్ని గట్టిగా తోముతుంటే “అక్కడ ముట్టుకోకు, అది నాన్న గుర్తు” అని వారించారు. పక్కనే అల్లుడి ఏఆర్-15 ఉంది. రెండు పిన్నులు నెట్టగానే అది మధ్యకి తెరుచుకుంది. పైభాగం, కిందిభాగం విడివిడిగా వచ్చాయి. కిందిభాగం మీద సీరియల్ నంబరు చెక్కి ఉంది. చట్టం దృష్టిలో తుపాకీ అంటే ఆ ముక్కే, మిగతా గొట్టం, పిడి, పట్టు, గురి చూసే ఎర్రచుక్క అద్దం, లైటు అన్నీ విడిభాగాల కింద కొనుక్కోవచ్చు. అల్లుడు ఆ విడిభాగాల గురించి చెబుతున్నంతసేపూ అతని ముఖంలో ఉత్సాహం తగ్గలేదు. పెద్దాయన మాత్రం, “నాకది ఎప్పుడూ వేట తుపాకీలా అనిపించలేదు” అని మళ్లీ వించెస్టర్ వైపు తిరిగారు.

అల్లుడు చెడ్డవాడేమీ కాదు. అడవి పందులు పొలాలు ధ్వంసం చేసే టెక్సాస్‌లో వాటిని వేటాడడానికి ఈ రైఫిలే వాడతారు. మూడు కిలోల బరువు, భుజానికి పెద్దగా దెబ్బ తగలదు, ఆడవాళ్లు కూడా తేలిగ్గా పేల్చగలరు. కొనేవాళ్లు చెప్పే కారణాలివి, అబద్ధాలు కావు. మందల మీద పేల్చడానికి అనువైన ఆ గుణాలే, ముప్పై తూటాల మ్యాగజైన్‌తో కలిస్తే, తరగతి గదిలో ఏం చేస్తాయో ఈ దేశం చూసింది. రెండూ నిజమేనని నాకు తెలుసు. ఈ రైఫిలు పద్దెనిమిదేళ్ల కుర్రాడి చేతికి అంత సులువుగా రాకూడదన్నది నా అభిప్రాయం. 2022 మే 24న టెక్సాస్‌లోని యువాల్డీలో ఒక బడిలో 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లను చంపినవాడు తన పద్దెనిమిదో పుట్టినరోజు దాటిన కొద్దిరోజులకే రెండు రైఫిళ్లు చట్టబద్ధంగా కొన్నాడు. లైసెన్సున్న దుకాణంలో పిస్తోలు కొనాలంటే ఫెడరల్ చట్టం 21 ఏళ్లు అంటుంది, రైఫిలుకు 18 చాలంటుంది. వేట తుపాకీ కాలం నాటి ఆ లెక్క ఇప్పటికీ మారలేదు.

ఈ రైఫిల్ జెండాల మీదకి కూడా ఎక్కింది. 1835లో గొంజాలెస్ ఊరివాళ్లు తమ ఫిరంగిని మెక్సికో సైన్యానికి ఇవ్వబోమని, వచ్చి తీసుకోండి చూద్దామని జెండా ఎగరేశారు. టెక్సాస్ పిల్లలందరూ బళ్లో చదివే కథ ఇది. ఇప్పుడు ట్రక్కుల మీద కనిపించే జెండాలో చాలాసార్లు ఫిరంగి స్థానంలో ఏఆర్-15 ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో దాన్ని జాతీయ తుపాకీగా ప్రకటించాలని కాంగ్రెస్‌లో బిల్లు కూడా పెట్టారు. మీ వీధిలో ఆ స్టిక్కరు కనిపిస్తే అర్థం ఇది: ఆ ఇంటాయనకు అది ఒక రాజకీయ ప్రకటన, ఒక గుంపులో సభ్యత్వం. మీ మీద కోపం కాదు. ఆయన ఇంట్లో తుపాకీ తాళంలో ఉందో లేదో ఆ స్టిక్కరు చెప్పదు. అందుకే అడగాలి.

ఎలా అడగాలి

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ తల్లిదండ్రులకు ఎన్నో ఏళ్లుగా చెబుతున్న సలహా ఇదే: పిల్లవాడు ఆడుకోవడానికి వెళ్లే ఇంట్లో తాళం లేని తుపాకీ ఉందా అని అడగండి. జూన్ 21ని ఈ ప్రశ్న అడిగే రోజుగా కూడా పాటిస్తారు, వేసవి సెలవుల్లో పిల్లలు ఇళ్లిళ్లూ తిరుగుతారు కాబట్టి.

ఎదురుగా నిలబడి అడగడం మనవాళ్లకి మొహమాటం. ఫోన్‌లో మెసేజ్ పంపండి, మిగతా జాగ్రత్తల మధ్యలో పెట్టండి. నేను పంపే మెసేజ్ సారాంశం ఇలా ఉంటుంది: “శనివారం కోసం మావాడు ఎదురుచూస్తున్నాడు. వాడికి వేరుశనగ పడదు. ఈత ఇంకా సరిగా రాదు, కొలనులో దిగేటప్పుడు పెద్దవాళ్లు ఉండాలి. ఇంకో సంగతి, ఇది నేను అందరినీ అడుగుతాను: మీ ఇంట్లో తుపాకులుంటే వాటిని ఎలా భద్రపరుస్తారు?”

ఉందా లేదా అని అడగకుండా ఎలా భద్రపరుస్తారని అడగడంలో కిటుకుంది. ఉందా అంటే నన్ను తప్పుపడుతున్నారేమో అని వాళ్లకి అనిపిస్తుంది. ఎలా భద్రపరుస్తారంటే బాధ్యత గల మనిషిగా గౌరవించినట్టు ఉంటుంది. తుపాకీ గురించి శ్రద్ధ ఉన్నవాళ్లు ఈ ప్రశ్నకి సంతోషంగా, సవివరంగా జవాబిస్తారు. నాకొకాయన ఇనప బీరువా ఫోటో తీసి పంపారు.

జవాబులు రకరకాలుగా ఉంటాయి. “సేఫ్‌లో పెడతాం, తూటాలు వేరేచోట, పిల్లలకి కోడ్ తెలియదు” అంటే నిశ్చింతగా పంపండి. “మా పిల్లలకి చిన్నప్పటినుంచీ నేర్పాం, ముట్టుకోరు” అంటే అది తాళం కాదు. వాళ్ల పిల్లవాడు ముట్టుకోకపోవచ్చు, మీ పిల్లవాడికి చూపించాలని తీయవచ్చు. “పడకగదిలో పైన అరలో ఉంది, అందదు” అంటే పంపకండి. కుర్చీ వేసుకుంటే అందనిది ఏదీ లేదు. ఈ రెండు సందర్భాల్లోనూ గొడవ పడక్కర్లేదు. “ఈసారి మా ఇంటికి పంపండి, రాత్రికి దోసెలు వేస్తాను” అంటే చాలు, స్నేహం నిలుస్తుంది. కారు సంగతి కూడా అడగండి. 2021 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు దాటినవాళ్లు చాలామంది లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. సీట్ల మధ్య పెట్టెలో పిస్తోలు పెట్టుకుని పిల్లల్ని సాకర్ ఆటకి దింపే తండ్రులున్నారు.

చట్టం కూడా మీ వైపే ఉంది. పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీని నిర్లక్ష్యంగా వదిలి, 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి చిక్కనిస్తే టెక్సాస్ శిక్షాస్మృతి 46.13 సెక్షన్ కింద నేరం. ఇది మెసేజ్‌లో రాయకండి, బెదిరించినట్టు ఉంటుంది. మనసులో ధైర్యానికి మాత్రం పనికొస్తుంది.

మీ పిల్లలకు చెప్పాల్సింది చిన్న మాట: తుపాకీ కనిపిస్తే ముట్టుకోకు, గదిలోంచి బయటికి వచ్చెయ్, పెద్దవాళ్లకి చెప్పు, నాకు ఫోను చెయ్, వెంటనే వస్తాను, తిట్టను. చివరి మాట తప్పకుండా చెప్పండి. అయితే పిల్లలకి చెప్పాం కదా అని పెద్దవాళ్లు ఊరుకోవద్దు. కొత్త వస్తువు చూసిన ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఆ క్షణంలో ఉపదేశం గుర్తురాదు.

భయం ఎక్కడ పెట్టుకోవాలి

టీవీలో చూపించేది రైఫిల్. ప్రాణాలు ఎక్కువ తీసేది పిస్తోలు. 2019 ఎఫ్‌బీఐ లెక్కల్లో పిస్తోళ్లతో జరిగిన హత్యలు 6,368 అయితే, రైఫిల్ వాడారని తేలినవి 364. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోతే, వాళ్లలో 26,328 మంది ఆత్మహత్య చేసుకున్నవాళ్లు. సగానికి పైన. ఈ అంకె చదివినప్పుడల్లా నాకు మన పిల్లలే గుర్తొస్తారు. మార్కులు, కాలేజీ సీటు, వీసా గడువు, ఉద్యోగం పోవడం, ఎవరికీ చెప్పుకోలేని ఒంటరితనం. చేతికందే తుపాకీ ఉన్న ఇంట్లో ఒక చెడ్డ రాత్రి ప్రాణం తీసేస్తుంది.

అందుకే మన సంఘంలో ఎవరైనా భయంతో తుపాకీ కొంటానంటే నేను మొదట అడిగేది ఇంట్లో పదిహేనేళ్లు దాటిన పిల్లలున్నారా, ఎవరైనా దిగులుగా ఉన్నారా అని. ఉంటే కొనొద్దని గట్టిగా చెబుతాను. అప్పటికే ఉంటే కొన్నాళ్లు ఇంటికి దూరంగా పెట్టించమంటాను. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకు సాయం చేసే 988 నంబరుకి ఫోన్ చేస్తే పగలైనా రాత్రైనా మాట్లాడే మనిషి దొరుకుతారు. ఆ నంబరు మీ పిల్లల ఫోన్లలో వేసి ఉంచండి.

మరి రైఫిల్ గురించి భయపడక్కర్లేదా? 2023 మే 6న శనివారం మధ్యాహ్నం డాలస్ ఉత్తర శివారు ఆలెన్‌లోని అవుట్‌లెట్ మాల్‌లో ఏఆర్ తరహా రైఫిల్‌తో ఒకడు ఎనిమిది మందిని చంపాడు. వాళ్లలో మన తెలుగమ్మాయి ఒకరు. పండగ బట్టలకు, బూట్లకు మనవాళ్లంతా వెళ్లే మాల్ అది. ఆ తర్వాత చాలా నెలలు పిల్లల్ని తీసుకుని అటువైపు వెళ్లబుద్ధి కాలేదు. ఇలాంటివి మొత్తం మరణాల్లో తక్కువ శాతమే. కానీ ఒకే మనిషి కొన్ని నిమిషాల్లో అంతమందిని చంపగలగడం ఈ రైఫిల్ వల్ల తేలికైంది. బళ్లలో కాల్పులు జరిగితే ఏం చేయాలో నేర్పే డ్రిల్లులు, మాల్స్‌లో ఎప్పుడూ బయటి దారి వెతికే కళ్లు, ఇవన్నీ దాని ఫలితమే.

2016 జూలై 7న డాలస్ నడిబొడ్డున ఊరేగింపు జరుగుతుండగా ఒకడు ఐదుగురు పోలీసులను కాల్చి చంపాడు. ఆ ఊరేగింపులో ఇరవై ముప్పై మంది చట్టబద్ధంగానే ఏఆర్-15లు తగిలించుకుని నడిచారు. కాల్పులు మొదలుకాగానే ఎవరు హంతకుడో, ఎవరు కాదో తెలుసుకోవడం కష్టమైందని అప్పటి పోలీసు చీఫ్ డేవిడ్ బ్రౌన్ చెప్పారు. బహిరంగంగా రైఫిల్ మోయడానికి టెక్సాస్‌లో లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి వీధిలో రైఫిల్ తగిలించుకున్న మనిషి కనిపిస్తే దగ్గరికి వెళ్లొద్దు, వాదించొద్దు, ఫోన్‌తో వీడియో తీస్తూ నిలబడొద్దు. పిల్లల్ని తీసుకుని అక్కడినుంచి వచ్చేయండి. రైఫిల్ చేతుల్లోకి తీసుకుని గురి పెడుతున్నట్టుంటే అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి.

కాల్పులు మొదలైతే మూడు పనులు, ఇదే వరసలో: పరుగెత్తండి, కుదరకపోతే దాక్కోండి, ఏ దారీ లేనప్పుడు ఎదిరించండి. హ్యూస్టన్ నగరం 2012లో చేసిన వీడియో వల్ల ఈ వరస దేశమంతా పాకింది. సామాన్లు, సంచులు వదిలేయండి. బయటికి వచ్చాక చేతులు ఖాళీగా, పైకి కనిపించేలా పెట్టండి, వచ్చే పోలీసులకు మీరెవరో తెలియదు. రక్తస్రావం ఆపడం నేర్పే ‘స్టాప్ ద బ్లీడ్’ శిక్షణ ఒక పూటలో అయిపోతుంది. రోడ్డు ప్రమాదంలోనూ పనికొచ్చే విద్య కాబట్టి ఇంట్లో ఒక్కరైనా నేర్చుకోండి.

బడి నుంచి మెసేజ్ వస్తే

ఇక్కడ చాలా బళ్లు ఒకే తరహా మాటలు వాడతాయి. ‘హోల్డ్’ అంటే పిల్లలు ఉన్న గదిలోనే ఉండాలి. వరండాలో ఎవరికో ఒంట్లో బాగాలేకపోయినా ఈ మాట వాడతారు. ‘సెక్యూర్’ అంటే ప్రమాదం బడి బయట ఉంది, బయటి తలుపులు వేశారు, లోపల పాఠాలు నడుస్తున్నాయి. దగ్గర్లో దొంగతనం జరిగినా పెడతారు. ‘లాక్‌డౌన్’ అంటే ప్రమాదం లోపలే ఉంది. గది తాళం వేసి, దీపాలు ఆర్పి, బయటికి కనిపించకుండా కూర్చుంటారు. కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు సెక్యూర్ మెసేజ్ చూసి గుండెలు బాదుకుంటూ బడికి పరుగెత్తడం చూశాను. తేడా తెలిస్తే సగం ప్రాణం నిలుస్తుంది.

లాక్‌డౌన్ వచ్చినా బడి దగ్గరికి వెళ్లకండి. కార్లతో రోడ్డు నిండితే అంబులెన్సుకి దారి ఉండదు. పిల్లల్ని అప్పగించే చోటు బడివాళ్లే చెబుతారు. అక్కడికి ఫోటో ఉన్న గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి. బడి రికార్డుల్లో ఉన్న పేరుగలవాళ్లకే పిల్లల్ని ఇస్తారు కాబట్టి ఆపద సమయం పేర్ల జాబితాలో నమ్మకమైన ఒక స్నేహితుల పేరు ఇప్పుడే రాయించండి. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యల పేర్లు కూడా. పిల్లవాడికి పదేపదే ఫోన్ చేయకండి, చీకటి గదిలో ఫోన్ మోగడం మంచిది కాదు.

చిన్నపిల్లలు డ్రిల్లు తర్వాత ఇంటికొచ్చి అడుగుతారు. “నిప్పు అంటుకుంటే ఏం చేయాలో నేర్చుకుంటాం కదా, ఇదీ అలాగే” అని చెప్పండి. టీచరు చెప్పింది చేయి అనండి. రైఫిళ్లు, మ్యాగజైన్లు అంటూ వాళ్ల ముందు చర్చ పెట్టకండి. పెద్ద పిల్లలతో మాత్రం దాచకుండా మాట్లాడండి, వాళ్లకి మీకంటే ఎక్కువే తెలుసు. ఎవరైనా బెదిరింపు పెట్టినట్టు వాళ్ల ఫోన్‌లో కనిపిస్తే మీకు చూపించే చనువు ఉండాలి. అది బడికి చేరవేయడం చాడీ కాదు.

వీసా మీద ఉన్నవాళ్లు ముట్టుకోకండి

ఇది చదివి పదిమందికి చెప్పండి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, చూడవచ్చిన తల్లిదండ్రుల బీ-2, ఇవన్నీ వలసేతర (నాన్-ఇమిగ్రెంట్) వీసాలు. ఈ వీసాల మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. సొంతంగా కొనడమే కాదు, తుపాకీ కాల్చడం సాధన చేసే రేంజికి వెళ్లి అద్దె తుపాకీ పట్టుకున్నా ఆ నిషేధంలోకి వస్తుంది. ఆఫీసు వాళ్లు సరదాగా రేంజికి పిలుస్తారు. ఏఆర్-15 పట్టుకున్న ఫోటో మనవాళ్లు ఊళ్లో స్నేహితులకు పంపుతారు. శిక్ష పదిహేనేళ్ల జైలు వరకు ఉండొచ్చు, దేశం నుంచి పంపించేయడానికి కూడా అది కారణమవుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. మీ వీసా హోదా ఇంకా తేలకుండా ఉంటే ముందు లాయర్ని అడగండి. “నేను వీసా మీద ఉన్నాను, చట్టం ఒప్పుకోదు” అంటే పిలిచినవాళ్లు గౌరవిస్తారు.

రాష్ట్రం మారితే చట్టమూ మారుతుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పదేళ్లుండి టెక్సాస్‌కి వచ్చేవాళ్లకి ఇది పెద్ద తేడా. న్యూజెర్సీలో కొనాలంటే ముందు పోలీసుల అనుమతి పత్రం కావాలి, ఈ తరహా రైఫిళ్ల మీద నిషేధముంది. టెక్సాస్‌లో రెండూ లేవు. గుడిలో, సంఘం హాల్లో పిస్తోళ్లు వద్దనుకుంటే నిర్వాహకులు టెక్సాస్ శిక్షాస్మృతి 30.05, 30.06, 30.07 సెక్షన్ల ప్రకారం ఇంగ్లీషు, స్పానిష్ భాషల్లో చట్టం చెప్పిన కొలతల్లో బోర్డు పెట్టాలి. చేత్తో రాసి అంటించిన కాగితం చెల్లదు.

ఇంట్లో తుపాకీ ఉన్న పౌరులైతే

పౌరసత్వం వచ్చి, తెలిసి, ఆలోచించుకుని కొన్నవాళ్లను నేను తప్పుపట్టను. తూటాలు తీసేసి తుపాకీ తాళంలో, తూటాలు వేరే తాళంలో పెట్టండి. కోడ్‌గా పిల్లల పుట్టినరోజు పెట్టకండి, వాళ్లు మొదట నొక్కి చూసేది అదే. రైఫిల్‌ని గోడకి అలంకారంగా తగిలించకండి. పరిశ్రమ సంఘమే నడిపే ‘ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్’ ద్వారా చాలా ఊళ్ల పోలీసు శాఖలు కేబుల్ తాళాలు ఉచితంగా ఇస్తాయి. వెళ్లి అడిగితే పేరు కూడా అడగరు చాలాచోట్ల. కేబుల్ తాళం ఏమీ లేకపోవడం కంటే మేలే కానీ, పదహారేళ్ల కుర్రాడి పట్టుదలకి సరిపోదు, ఇనప సేఫ్ కొనండి.

మీ ఇంటికి వేరే పిల్లలు వచ్చేటప్పుడు వాళ్ల అమ్మ అడిగేదాకా ఆగకండి. పుట్టినరోజు పిలుపులోనే రాసేయండి: మా ఇంట్లో తుపాకీ లేదు, లేదా ఉంది, సేఫ్‌లో తాళం వేసి ఉంది, కావాలంటే వచ్చి చూడొచ్చు. మా వీధిలో ఒక తెలుగు కుటుంబం ఇలా రాయడం మొదలుపెట్టింది. తర్వాత రెండు అమెరికన్ కుటుంబాలు కూడా తమ పిలుపుల్లో అదే వాక్యం రాశాయి.